పోలీసులకి కూడా చందాలేనా?

జిల్లాలో ఒక మున్సిపాలిటీ అజెండాలో ఈ నెల ఒక ఐటమ్ కనపడింది, చదివి మా డెస్క్‌లో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. పట్టణంలో పోలీసు సిబ్బంది చాలట్లేదు కాబట్టి ట్రాఫిక్‌కి, రాత్రి గస్తీకి ఏజెన్సీ ద్వారా మనుషుల్ని పెట్టుకుని, జీతాలు సగం మున్సిపల్ జనరల్ ఫండ్ నుంచి, సగం వర్తకుల చందాల నుంచి ఇద్దామంట. ఖాకీకి దగ్గరగా ఉండే యూనిఫామ్ కూడా కుట్టిస్తారంట. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, పక్క ఊళ్లల్లో కూడా ఇదే మాట నడుస్తోంది, ఒక ఊరిని పట్టుకుని దులిపితే మిగతావాళ్లు నవ్వుకుంటూ తప్పించుకుంటారు.

ప్రతిపాదన పెట్టినోళ్ల బాధ అబద్ధమని మేం అనట్లేదు, ఊళ్లో దొంగతనాలైతే జనం ముందు నిలదీసేది కౌన్సిలర్‌నే. సరే, ఒప్పుకున్నాం. కానీ ఈ తీర్మానం పాస్ కాకూడదు. పాస్ అయితే ఆగేది ఈ ఊరితో కాదు. ఒక్క ఊరు జేబులోంచి డబ్బు తీసి పోలీసు పని చేయించుకోవడం మొదలుపెడితే రాష్ట్ర ప్రభుత్వానికి ఇక కానిస్టేబుల్‌ని ఇవ్వాల్సిన అవసరమే ఉండదు, "ఫలానా ఊరు వాళ్లు పెట్టుకున్నారుగా, మీరూ పెట్టుకోండి" అని సమాధానం రెడీగా ఉంటుంది.

అసలు చిన్న ఊరి స్టేషన్ ఎలా నడుస్తోందో ఒకసారి సంత రోజు పొద్దున వెళ్లి చూడండి. రోల్ కాల్‌కి నిలబడ్డవాళ్లని లెక్కపెడితే బోర్డు మీద రాసిన స్ట్రెంత్‌కి పొంతనే ఉండదు. ఒకరు సెంట్రీ, ఒకరు రికార్డులు రాసే రైటర్, ఒకరు కోర్టు కానిస్టేబుల్, ఆయన సమన్లు వారెంట్లు పట్టుకుని పోతే మళ్లీ సాయంత్రమే, ఇంకొకరు పాస్‌పోర్ట్ ఎంక్వైరీలు, ఇద్దరు ఏదో పెద్దాఫీసుకి అటాచ్‌మెంట్, వీళ్ల పేరు ఇక్కడ, మనిషి అక్కడ. ఆ రోజు పక్క జిల్లాలో వీఐపీ టూర్ ఉంటే మిగిలినవాళ్లు కూడా బందోబస్తుకి బస్సెక్కుతారు. బస్టాండ్ సెంటర్‌లో ఆటోలు, తోపుడు బండ్లు, కాలేజీ బస్సుల మధ్య విజిల్ ఊదుతూ నిలబడేది ఒకే ఒక్క హోంగార్డు. మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్తే సెంటర్ దేవుడి మీద భారం. ఉన్నవాళ్ల పరిస్థితీ అంతే, దేశంలో పోలీసులు సగటున రోజుకి 14 గంటలు పని చేస్తున్నారని, సగం మందికి వీక్లీ ఆఫే లేదని కామన్ కాజ్, లోక్‌నీతి అనే సంస్థలు కలిసి చేసిన సర్వే 2019లోనే చెప్పింది. అదే ఏడాది జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ అని ఆర్భాటంగా మొదలుపెట్టారు. అది ఇప్పుడు ఎక్కడుందో ఏ కానిస్టేబుల్ భార్యనైనా అడగండి, చెబుతుంది.

మనుషులు ఎందుకు లేరు అంటే తీసుకోలేదు కాబట్టి. ఇందులో మిస్టరీ ఏమీ లేదు. 2018 నవంబర్ నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్, జైలు వార్డర్, ఫైర్‌మన్ పోస్టులు అన్నీ కలిపి 2,723, ఫలితాలు 2019 సెప్టెంబర్‌లో వచ్చాయి. 2020 అక్టోబర్‌లో పోలీసు అమరవీరుల దినం రోజు అప్పటి ముఖ్యమంత్రి 6,500 పోస్టులు అన్నారు. 2021 జూన్‌లో జాబ్ క్యాలెండర్ వస్తే అందులో పోలీసు పోస్టులు 450. చివరికి 2022 నవంబర్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు, నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే 95 వేల మంది పాసయ్యారు, మార్చిలో పరుగు పందేలు అన్నారు, ఎమ్మెల్సీ ఎన్నికలని ఆపారు, తర్వాత కోర్టు కేసులు అన్నారు, ప్రభుత్వం మారింది, 2024 డిసెంబర్ ఆఖర్లో గానీ దేహదారుఢ్య పరీక్షలు మొదలు కాలేదు, మెయిన్స్ 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. మూడేళ్లకి మూడు నెలలు తక్కువ. 24 ఏళ్లు దాటితే అనర్హులని (బీసీ, ఎస్సీ, ఎస్టీలకి ఎలాగూ సడలింపు ఉంది, తర్వాత అందరికీ ఇంకో రెండేళ్లు ఇచ్చారు) చెప్పే ఉద్యోగానికి సెలక్షనే మూడేళ్లు! అందులో మొదటి సగం ఒక పార్టీ హయాం, రెండో సగం ఇంకో పార్టీ హయాం, కాబట్టి ఈ ఎడిటోరియల్ చదివి ఎవరూ చంకలు గుద్దుకోనక్కర్లేదు.

ఆ 6,100లో కూడా 2,520 ఏపీఎస్పీ బెటాలియన్‌వి, అంటే స్టేషన్లలో కాకుండా బెటాలియన్లలో ఉండే రాష్ట్ర ప్రత్యేక పోలీసువి. స్టేషన్లకి వచ్చే సివిల్ పోస్టులు 3,580. నోటిఫికేషన్ నాటి 26 జిల్లాలకి సమానంగా పంచితే జిల్లాకి 140 కూడా రావు, అందులోంచి రిటైరైనవాళ్ల ఖాళీలు తీసెయ్యండి, కమిషనరేట్లు, జిల్లా హెడ్‌క్వార్టర్లు ముందు తీసుకునేవి తీసెయ్యండి. ఆఖర్న మన చిన్న ఊరి స్టేషన్‌కి ఎంతమంది వస్తారో చేతివేళ్లు చాలు. ట్రైనింగ్ తొమ్మిది నెలలు వేరే.

మరి ఈ ఖాళీని ఇన్నాళ్లూ ఎలా పూడ్చుకొచ్చారు? ఇక్కడే మా భయమంతా. ప్రతిసారీ "తాత్కాలికంగా" అని ఒకటి పెట్టడం, అదే పర్మినెంట్ అయి కూర్చోవడం. హోంగార్డులనే తీసుకోండి, 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా విస్తరించిన స్వచ్ఛంద దళం అది, ఆపద వచ్చినప్పుడు సాయం చేసి మళ్లీ తమ పనికి తాము వెళ్లాల్సినవాళ్లు. ఇవాళ వాళ్లు లేకపోతే స్టేషన్ తాళం తీసే దిక్కుండదు, అయినా కాగితం మీద వాళ్లు వాలంటీర్లే, జీతం కాదు డ్యూటీ అలవెన్స్, పెన్షన్ లేదు. పోలీసు కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వండి అని 2015లో సుప్రీంకోర్టు చెబితే మన రాష్ట్రంలో 2019లో 18,000 నుంచి 21,300 చేసి చేతులు దులుపుకున్నారు. తర్వాత గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి, మహిళా సంరక్షణ కార్యదర్శులని పదిహేను వేల మంది దాకా తీసుకున్నారు, 2021 జూన్‌లో ఒక్క జీవోతో, 59వ నంబర్‌ది, వాళ్లని మహిళా పోలీసులు అనేశారు. పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా రాకుండా పోలీసులు ఎలా అవుతారని హైకోర్టులో కేసు పడింది. ఆ అమ్మాయిలు మాత్రం వార్డులో సర్వేలు ఒక పక్క, బందోబస్తు ఒక పక్క, మధ్యలో నలిగిపోయారు. పేరు పెడితే పోలీసులు తయారైపోతారు అనుకునే ఆలోచనే ఇది.

ఇప్పుడు మూడో మెట్టు, ఏజెన్సీ మనుషులు. అసలు పోలీసు, తర్వాత సగం పోలీసు, తర్వాత పేరుకి పోలీసు, ఇప్పుడు అద్దె పోలీసు. నాలుగో మెట్టు ఏంటో ఊహించడానికి కూడా మాకు మనసు రావట్లేదు.

చందాల సంగతి ఇంకా ఘోరం. సీసీ కెమెరాలు దాతలు ఇస్తున్నారు కదా, బ్యారికేడ్ల మీద నగల షాపుల పేర్లు ఉన్నాయి కదా, ఇదీ అలాంటిదే అని ఒక కౌన్సిలర్ గారు మా విలేకరితో వాదించారు. చూశారా, మేం చెప్పేది ఇదే! నిన్న ఇనప బ్యారికేడ్‌కి ఒప్పుకున్నాం కాబట్టి ఇవాళ మనిషికి ఒప్పుకోవాలంట. బ్యారికేడ్‌కి బుద్ధి లేదు, అది ఎవరి బండినైనా ఆపుతుంది. వర్తకుడి చందాతో జీతం తీసుకునే మనిషి ఆ వర్తకుడి షాపు ముందు రోడ్డు మీద దించిన సరుకు లారీని ఆపుతాడా? ఆ షాపు మెట్ల పక్కన పూలమ్ముకునే ముసలమ్మని మాత్రం లేపుతాడు, లాఠీ లాంటి కర్ర ఒకటి ఎలాగూ చేతికిస్తారు. తప్పు చేస్తే సస్పెండ్ చెయ్యడానికి ఎస్పీకి అధికారం లేదు, ఎందుకంటే వీడు ఎస్పీ కింద పనిచేసే మనిషి కాదు, మున్సిపల్ కమిషనర్ ఏజెన్సీకి నోటీసు ఇస్తాడు, ఏజెన్సీ ఇంకొకణ్ణి పంపిస్తుంది. దెబ్బ తిన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి?

చట్టం సంగతి కూడా చూద్దాం. రాజ్యాంగంలో పోలీసు అనేది రాష్ట్ర జాబితాలో రెండో ఐటమ్. మున్సిపాలిటీల కోసం పెట్టిన పన్నెండో షెడ్యూల్‌లో 18 పనులు ఉన్నాయి, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ఆఖరికి ఫైర్ సర్వీస్ కూడా ఉంది, పోలీసు లేదు. డబ్బు కట్టిన వాళ్లకి అదనపు పోలీసులు అనే ఏర్పాటు ఈ దేశంలో లేకపోలేదు, 1861 పోలీసు చట్టం 13వ సెక్షన్‌లో ఉంది, తెల్లదొర ఎస్టేట్లు, కంపెనీల కాలం నాటి ఆలోచన. స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లకి మన కౌన్సిలర్లు తిరిగి తిరిగి అక్కడికే చేరారు.

ఇంకొంతమంది మేధావులు, అమెరికాలోలాగా ఊరికో పోలీసు డిపార్ట్‌మెంట్ ఇచ్చెయ్యండి, గోల వదిలిపోద్ది అంటున్నారు. సరే, అక్కడేమైందో చూడండి. మిన్నెసోటాలో గుడ్‌హ్యూ అనే ఊరు, జనాభా 1,300 దాకా, 2023 ఆగస్టులో ఆ ఊరి పోలీస్ చీఫ్‌తో సహా మొత్తం సిబ్బంది రాజీనామా చేసి పోయారు. గంటకి 22 డాలర్లకి ఎవరూ రావట్లేదని, పక్క ఊళ్లు ఇంకా ఎక్కువిస్తున్నాయని చీఫ్ ముందే కౌన్సిల్‌కి చెప్పాడు. చివరికి ఊరు కౌంటీ షెరిఫ్ (మన జిల్లా పోలీసు లాంటిది) మీద ఆధారపడాల్సి వచ్చింది. అంటే ఊరి డబ్బుతో పోలీసు అంటే డబ్బున్న ఊరికే పోలీసు. మన దగ్గర కార్పొరేషన్ ఇచ్చే జీతం ఓ మూడో గ్రేడ్ మున్సిపాలిటీ ఇవ్వగలదా, పారిశుధ్య కార్మికులకే నెలనెలా జీతం పడని చోట?

డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో కూడా మాకు తెలుసు. 2021 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు, ఏటా 15 శాతం దాకా పెంచుకునే వీలుంది. చెత్త పన్ను కూడా అప్పుడే "చిన్న యూజర్ ఛార్జీ" అంటూ వచ్చింది, కట్టని షాపు ముందు చెత్త తెచ్చి పోసిన రోజులు జనం మర్చిపోలేదు, 2024 ఆఖరికి రద్దు చేస్తే గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఇవాళ స్వచ్ఛంద చందా అన్నది రెండేళ్లకి పోలీసు యూజర్ ఛార్జీ అవదని ఎవరైనా రాసిస్తారా? ఒకసారి రసీదు పుస్తకం కొట్టించాక దాన్ని ఆపినోడు మాకైతే తెలీదు.

కౌన్సిలర్లకి నిజంగా ఊరి మీద ప్రేమ ఉంటే చెయ్యాల్సిన పని ఉంది, కాకపోతే దానికి ఫోటోలు పడవు. మన టౌన్ స్టేషన్‌కి శాంక్షనైన పోస్టులు ఎన్ని, ఉన్నవాళ్లు ఎంతమంది, అటాచ్‌మెంట్ పేరుతో ఎవరి ఆఫీసులో, ఎవరి ఇంటి గేటు దగ్గర ఎంతమంది ఉన్నారో ఆర్టీఐ పెట్టి లెక్క తీయించండి. ఎస్పీని పిలిచి అడగండి. రాకపోతే మీరే వెళ్లండి. గన్‌మన్ల లెక్క కూడా అందులోనే అడగండి, ఈ తీర్మానాన్ని వెనక నుంచి నడిపిస్తున్న పెద్దమనిషి పక్కనే ఇద్దరు గన్‌మన్లు తిరుగుతున్నారని ఊరంతా చూస్తోంది, ఆ ఇద్దర్నీ స్టేషన్‌కి పంపితే బస్టాండ్ సెంటర్ సమస్య రేపు పొద్దున్నే సగం తీరుద్ది. ఎమ్మెల్యేని అడగండి, నోటిఫికేషన్ ఏటా ఎందుకు రాదు, వచ్చాక మూడేళ్లు ఎందుకు పడుతుంది అని. ఇవి అడగాలంటే మీ పార్టీవాళ్లనే అడగాలి, అక్కడే మీకు గొంతు పెగలట్లేదు. పైవాళ్లని అడగలేక కింద ఉన్న కిరాణా కొట్టువాడి దగ్గర చెయ్యి చాపుతున్నారు.

వచ్చే మీటింగ్‌లో ఆ ఐటమ్‌ని అజెండాలోంచి తీసెయ్యండి. ఓటింగ్ దాకా తెస్తే మాత్రం చెయ్యెత్తిన ప్రతి ఒక్కరి పేరు, వార్డు నంబర్‌తో సహా, మర్నాడు మొదటి పేజీలో వేస్తాం.