శ్రీ 54 శాతం గారికి, రెడ్మండ్ నుంచి

గౌరవనీయులైన యాభై నాలుగు శాతం గారికి,

సియాటిల్ మారినర్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ వాన కురుస్తోంది, అంటే అంతా మామూలే. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. మీరెప్పుడూ ఒక్కలాగే ఉంటారు. మీతో వచ్చిన చిక్కే అది.

మనకి పరిచయమైంది 2023 అక్టోబర్‌లో. ఆ ఏడాది మా జట్టు ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ (సీజన్ చివర మంచి జట్లు మాత్రమే ఆడే పోటీలు) గడప ఇవతలే ఆగిపోయింది. పదకొండో రోజు భోజనాల్లా జరిగిన ప్రెస్ మీట్‌లో, జట్టు వ్యవహారాలు చూసే జెర్రీ డిపోటో గారు మిమ్మల్ని మాకు చూపించారు. పదేళ్ళ లెక్కన నూటికి 54 గెలుస్తూ పోతే వరల్డ్ సిరీస్, అంటే ఆఖరి కప్పు పోటీ, దానంతటదే వస్తుందట. మమ్మల్ని ఓపిక పట్టమనడం కూడా మాకు చేస్తున్న ఉపకారమేనట. ఆ రాత్రి తెనాలిలో ఉన్న నాన్నకి ఫోన్లో ఈ ముక్క చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "54 అంటే సెకండ్ క్లాసు కదరా. దానికి మీటింగ్ పెట్టి చెప్పడం దేనికి?" అన్నారు.

నాన్నకి బేస్‌బాల్ రాదు, లెక్కలొచ్చు. ప్రోగ్రెస్ కార్డు చదవమన్నారు. ఏడాదికి 162 మ్యాచ్‌లు, అందులో 54 శాతమంటే 87 చిల్లర. 2023లో మావాళ్ళు గెలిచింది 88.

"పాసయ్యారుగా. మరి ఏడుపెందుకు?"

"పక్కింటి టెక్సాస్‌కి, హ్యూస్టన్‌కి 90 వచ్చాయి నాన్నా. ఆ 90తోనే టెక్సాస్ కప్పు కూడా పట్టుకుపోయింది."

"మీకెప్పుడూ 90 రాలేదా?"

వచ్చాయి. 2021లో. ఆ ఏడు ఆ 90 మమ్మల్ని గడప కూడా దాటించలేదు, రెండు మ్యాచ్‌లు తక్కువయ్యాయి. 2024లో 85 గెలిచి, మళ్ళీ ఒక్క మ్యాచ్‌తో పోగొట్టుకున్నాం. అంతా విని నాన్న తేల్చేశారు: "ఒరేయ్, ఇది ఇంటర్ కాదు, ఎంసెట్. మార్కుతో పనిలేదు, ర్యాంకు కావాలి." ఈ మాట మీకు బోర్డు రూములో ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఉత్తరం రాయాల్సొచ్చింది.

మీరు రాకముందు మేమేదో వెలిగిపోయామని అనను. 2001లో 116 గెలిచాం. అంతకంటే ఎక్కువ ఎవరూ ఎన్నడూ గెలవలేదు. మీ భాషలో 71 శాతం పైమాట. న్యూయార్క్ యాంకీస్ వచ్చి అయిదు మ్యాచ్‌ల్లో చాప చుట్టించి పంపారు. ఆ తర్వాత మళ్ళీ ప్లేఆఫ్స్ చూసింది 2022లో. రాముడికైనా 14 ఏళ్ళకే వనవాసం ముగిసింది. మాకు 21.

ఆ 2022 అక్టోబర్‌లో హ్యూస్టన్‌తో మూడో మ్యాచ్‌కి స్టేడియంలో నేనున్నాను. టీ-మొబైల్ పార్క్‌లో బయటి తిండి తెచ్చుకోనిస్తారు, వాళ్ళ పుణ్యాన పులిహోర డబ్బా పట్టుకెళ్ళాను. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఆట కదా, తొమ్మిదికి సరిపడా తెచ్చాను. సున్నా-సున్నా. పదమూడో ఇన్నింగ్స్‌లో డబ్బా అంచుకంటుకున్న వేరుశనగపప్పులు ఏరుకు తిన్నాను. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్‌వాడు ఒకే ఒక్క పరుగు కొట్టాడు. ఆరు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత మా ఊళ్ళో జరిగిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లో మావాళ్ళు ఒక్క పరుగూ చెయ్యలేదండీ.

ఆట లేని నెలల్లో మీ కాపురం ఎలా సాగుతుందో కూడా తెలుసు. డిపోటో గారికి ఆటగాళ్ళని మార్చుకోవడమంటే పేకాటలో ముక్క దించడమే. 2018 డిసెంబర్‌లో ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా ఒక మార్పిడి కుదిర్చారు. (ఆయన కోలుకున్నారు, సంతోషం.) దాంట్లో వెళ్ళిపోయిన కార్లోస్ సాంటానా అప్పటికి మా జట్టులోకొచ్చి పదిరోజులు. యుహేనియో సువారెజ్ అనే మా ఆటగాడిని 2023 నవంబర్‌లో అరిజోనాకి పంపేశారు. 2025 జూలైలో, పొమ్మన్న నోటితోనే రమ్మన్నారు. ఆ సువారెజే అక్టోబర్‌లో టొరంటోతో అయిదో మ్యాచ్‌లో గ్రాండ్‌స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టి మమ్మల్ని వరల్డ్ సిరీస్‌కి ఒక్క గెలుపు దూరంలో నిలబెట్టాడు.

2025 మాట చెప్పాలిగా. 90 గెలుపులు, మీకంటే కొంచెం మెరుగే. మా క్యాచర్ క్యాల్ రాలీ 60 హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఇంటిల్లిపాదిలో ఫస్ట్ క్లాసు వచ్చింది అతనికొక్కడికే.

టొరంటోతో ఆఖరిదైన ఏడో మ్యాచ్ అక్టోబర్ 20న, దీపావళి సాయంత్రం. దేవుడి గదిలో లక్ష్మీపూజ, హాల్లో నోరు నొక్కేసిన టీవీ. జూలై నాలుగుకి కొని గరాజ్‌లో దాచిన కాకరపువ్వొత్తుల పెట్టె సోఫా మీద. (అనుమతి సంగతి అడక్కండి.) ఏడో ఇన్నింగ్స్‌లో 3-1తో మేమే ముందున్నాం. ఇంకా ఎనిమిది అవుట్లు చేస్తే చాలు. నలభై తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ మొహం చూడని జట్టండీ, లీగ్ మొత్తం మీద అలాంటిది మాదొక్కటే. "గెలిచాక వెలిగిద్దాం, ఆగు" అని మా అమ్మాయిని కూర్చోబెట్టాను. ఒత్తి చేత్తో పట్టుకుని కూర్చుంది. టొరంటోవాడు స్ప్రింగర్ బాదిన బంతి ఎడమవైపు స్టాండ్స్‌లో పడింది. మూడు పరుగులు. 4-3. అక్కడితో అంతే.

"నాన్నా, ఇప్పుడు వెలిగించుకోవచ్చా?" అంది.

మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో ఒకటే రగడ. ఆ ఇన్నింగ్స్‌లో బంతి విసరడానికి బజార్డో బదులు మున్యోజ్‌ని ఎందుకు దింపలేదు? బీరువాలో పట్టుచీరలా దాచి ఏ పెళ్ళికి కట్టిద్దామని? ఆరు నెలలు బేస్‌బాల్ ఊసెత్తని మా ఆఫీసు మేనేజర్ కూడా ఇడ్లీ పక్కన పెట్టి జట్టు మేనేజర్ డాన్ విల్సన్‌కి పాఠం చెప్పాడు.

తర్వాత మళ్ళీ మీ సీజన్, అంటే ఆట లేని నెలలు, మొదలైంది. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌ని పదిహేనో ఇన్నింగ్స్‌లో ఓడించిన దెబ్బ మా పోలాంకోది. ఆయన రెండేళ్ళకి 4 కోట్ల డాలర్లు తీసుకుని న్యూయార్క్ మెట్స్‌కి వెళ్ళిపోయాడు. ఇంకో ఆటగాడు నేలర్‌ని మాత్రం అయిదేళ్ళకి 9.25 కోట్ల డాలర్లతో అట్టిపెట్టుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ వార్త చదివి లేచి నిలబడ్డాను. వెంటనే కాగితం తీసి వచ్చే ఏడాది ఎన్ని గెలుస్తారో లెక్కేశాను. ఎటు తిప్పి కూడినా 88 దగ్గరే తేలింది. అక్కడ మీరు కూర్చుని ఉన్నారు, కాలు మీద కాలేసుకుని.

నాన్నకి ఈ లెక్క చూపించలేదు. అరిజోనాలోని పియోరియాలో సీజన్ ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌కి నాలుగు టికెట్లు కొన్నానని కూడా చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇట్లు,
మీ సెకండ్ క్లాసు అభిమాని