బెర్తు లేదన్న సాకు

రష్యా నుంచి వచ్చిన యుద్ధనౌకల్లో మహిళలకు వేరే బాత్‌రూమ్‌లు లేవు. నౌకాదళ మహిళా అధికారుల కేసులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పుకున్న కారణాల్లో ఇదొకటి. 2020 మార్చి 17న కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, వారికి శాశ్వత కమిషన్, అంటే పదవీ విరమణ దాకా కొలువులో కొనసాగే దారి తెరిచింది. బాత్‌రూమ్ లేకపోతే కట్టించాలి. దాని పేరు చెప్పి ఉద్యోగం ఎగ్గొడితే ఎలా?

ఆ తర్వాత మార్పు వేగంగానే వచ్చింది. 2023లో ఐఎన్ఎస్ ట్రింకట్ అనే యుద్ధనౌకకు ప్రేరణా దేవస్థలీ కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. అదే ఏడాది మార్చిలో ఒడిశాలోని చిల్కా నౌకాదళ శిక్షణ కేంద్రం నుంచి 273 మంది మహిళా అగ్నివీర్లు, అంటే నాలుగేళ్ల సర్వీసుకు చేరిన సాధారణ నావికులు, శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. అసలు పరీక్ష వీళ్లతోనే మొదలైంది. అధికారులకు కేబిన్లుంటాయి. ఒక కేబిన్‌ను ఇద్దరు మహిళలకిస్తే పని అయిపోతుంది. సాధారణ నావికులు పడుకునేది మెస్ డెక్‌లో, ఒకదానిపై ఒకటిగా ఉండే బెర్తుల్లో. బాత్‌రూమ్‌లూ అందరికీ ఉమ్మడివే. అక్కడ ఒక తెర కట్టి చేతులు దులుపుకుంటే కుదరదు.

నార్వే సైన్యంలో ఆడా మగా ఒకే గదిలో పడుకునే పద్ధతి ఉంది. మనం ఇప్పుడే అంత దూరం వెళ్లాలని మేం అనడం లేదు. పడక వేరుగా ఉండాలి. బాత్‌రూమ్ ఒకటే అయినా ఫర్వాలేదు, లోపలి నుంచి గడియ పడితే చాలు, లేదా వేళలు పంచుకుంటే చాలు. ఓడకు ఒకరిద్దరిని పంపే అలవాటు మాత్రం మానుకోవాలి. మూడు వందల మంది మగవాళ్ల మధ్య ఒంటరి అమ్మాయికి ఎంత మంచి గది ఇచ్చినా టెన్షన్ తగ్గదు. ముందు కొన్ని ఓడలనే ఎంచుకుని, అక్కడికి పది, పదిహేను మందిని కలిపి పంపాలి. వేధింపులపై ఫిర్యాదు ఓడ దాటి వెళ్లే దారి కూడా ఉండాలి. నడిసముద్రంలో తప్పు చేసినవాడే పై అధికారి అయితే ఆ అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి?

పాత ఓడలో గోడలు మార్చడం ఖర్చుతో కూడిన పనే, కాదనం. కొత్త ఓడకు ఆ సాకు లేదు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నౌకాదళం కోసం ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు (సముద్రంలో ఉన్న యుద్ధనౌకలకు ఇంధనం, సరుకులు అందించే ఓడలు) కట్టడానికి 2023 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఒక్కోటి 44 వేల టన్నులు. వాటిలో మహిళా నావికులకు ఎన్ని బెర్తులు కేటాయించారో రక్షణ శాఖ పార్లమెంటుకు చెప్పాలి.