ఓర్పెన్ బొమ్మలోని ఆ కుర్రాడు ఎవరింటి వాడంటే

చిత్రకారుడు విలియం ఓర్పెన్ 1917లో వేసిన, మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పైలట్ ఆర్థర్ రైస్ డేవిడ్స్ చిత్రం గురించి ఒక వ్యాసం చదివాను, బాగా రాశారు. అతనికొచ్చిన డీఎస్‌ఓ, మిలిటరీ క్రాస్ అనే సాహస పతకాలు, ఎన్నో విమానాలు కూల్చిన జర్మన్ మేటి పైలట్ (ఏస్) వోస్‌ను కూల్చడం అన్నీ ఉన్నాయి. కానీ అసలు ముక్క వదిలేశారండీ! ఇతను పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలను ప్రచురించే పాళీ టెక్స్ట్ సొసైటీ స్థాపించిన టి.డబ్ల్యు. రైస్ డేవిడ్స్ కొడుకు. తల్లి కరోలిన్ కూడా పాళీ పండితురాలే. బుద్ధుడి మాటల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఇంట్లో పుట్టి, ఖాతాలో 25 గగన యుద్ధ విజయాలు! వోస్‌ను ప్రాణాలతో దించలేకపోయానే అని బాధపడ్డాడని తోటి పైలట్ మెకడన్ రాశాడు. ఆ తర్వాత నెలకే, అక్టోబర్ 27న, ఇతనూ పోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. లండన్ ధనవంతుల బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఓర్పెన్, ఇక్కడ ఆ తళుకులేవీ అద్దలేదు. కాలేజీ కుర్రాడిలాగే ఉంచేశాడు. నాకు నచ్చింది అదే.