అంచు లేని కత్తికి కడప నుంచి ఒక లేఖ

విసరడానికే పుట్టిన నా కత్తీ,

నీతో నాలుగు మాటలు చెప్పాలి. పప్పు డబ్బా వెనక నక్కింది చాలు, ఇటు రా.

మా ఊరి పేరు చెప్పగానే హైదరాబాదులో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఒకసారి నా నడుం వైపు చూసేవాళ్ళు, ఏమైనా దోపుకున్నానేమోనని. సినిమాల పుణ్యమా అని మేమంతా ఉగ్గుగిన్నెతో పాటు వేటకొడవలి పట్టుకుని పెరిగామని లోకానికి గట్టి నమ్మకం. అలాంటి కడపలో ఒక కత్తి చేయించడానికి నాకు మూడు నెలలు పట్టింది. దాన్ని చెక్కలో దిగేలా విసరడానికి ఇంకో ఆరు నెలలు. ఈ సంగతి బయటపడితే జిల్లా పరువేం కాను?

నీ నమూనా గీసింది మేనకోడలి పెళ్ళిపత్రిక అట్ట మీద. నిడివి 12 అంగుళాలు, సరుకు పాత జీపు కమాను పట్టీ. అట్ట తీసుకుని కొలిమికి వెళ్తే ఆచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంచు యాడుందబ్బీ?"

"అంచు వద్దు ఆచారీ, మొన చాలు. కొన్నిసార్లు అలుగు వైపు పట్టుకుని విసరాలి, చెయ్యి తెగుతుంది."

"పిడికి చెక్క?"

"అదీ వద్దు. నాలుగు దెబ్బలకే పగిలిపోతుంది."

"అంచు లేదు, పిడి లేదు. ఇంగ కత్తి యాడుంది?"

ఆ ప్రశ్నకు జవాబు నువ్వే చెప్పాలి.

నీకంటే ముందు మీ అన్న పుట్టాడు. కత్తంటే గట్టిగా ఉండాలని పట్టుబట్టి, వద్దంటున్నా వినకుండా, ఎర్రగా కాలినవాణ్ణి నీళ్ళలో ముంచించాను. మూడో విసురుకే గాజుముక్కలా రెండయ్యాడు. విసిరే కత్తి కాస్త మెత్తగా ఉండాలట. వంగినా ఫర్వాలేదు, సుత్తితో సరిచేసుకోవచ్చు, విరగకూడదు. అందుకే నిన్ను నూనెలో ముంచి, మళ్ళీ నీలిరంగు తిరిగేదాకా సన్నని సెగ మీద కాచాడు ఆచారి. అంత గారాబం మా పిల్లలకు కూడా జరగలేదు.

తర్వాత తూకం. వేలి మీద సరిగ్గా నడిమికి నిలబడాలి కదా నువ్వు. రోజూ సాయంత్రం గడప మీద కూర్చుని ఆకురాయితో రాకడం, వేలి మీద పెట్టడం, పిడి వైపు ఒరగడం, మళ్ళీ రాకడం. ఒళ్ళంతా ఇనుపరజను. చివరికి పిడికి రెండు బెజ్జాలు వేయిస్తే గాని నువ్వు దారికి రాలేదు.

ఇక గురి. బుద్ధిలేక మాంసం కొట్టే చింతమొద్దు తెచ్చి నిలబెట్టాను. కత్తి దెబ్బలకు చెక్కు చెదరకూడదనే కదా కొట్లలో దాన్ని వాడేది! ఠంగున ఎగిరొచ్చి నా కాలికి జానెడు దూరంలో కడప బండను పెచ్చు లేపావు. ఆ పెచ్చు లేచిన చోట ఇప్పటికీ నీళ్ళు నిలుస్తాయి, ఇంటావిడ రోజూ చూపిస్తుంది. గాలికి పడిపోయిన మునగచెట్టు మొదలును అడ్డంగా కోసి, ఆ కోతముఖం నావైపు తిప్పి పెట్టాక గాని నీ మొన దిగలేదు. అదీ పిడి పట్టుకుని, నాలుగు మీటర్ల నుంచి, ఒక్క పల్టీ కొట్టేలా విసిరితేనే. అరడుగు అటూ ఇటూ అయితే పిడితో మొద్దును తట్టి కింద పడతావు, తలుపు కొట్టి పారిపోయే పిల్లల్లాగా.

చట్టం దగ్గర కూడా నీకు మర్యాద లేదు. 9 అంగుళాలు మించిన అలుగులను, 2 అంగుళాలు మించిన వెడల్పును ఆయుధాల నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి. ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకూ సైన్సుకూ పనికొచ్చేవాటికి మినహాయింపు. నీ అలుగు 7 అంగుళాలే కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఆ నాలుగింటిలో దేనికి పనికొస్తావని చెప్పేవాణ్ణి? ఎర్రగడ్డ కూడా తెగదని ఇంటావిడ మొదటిరోజే తేల్చేసింది.

కానీ మొన్న ఉగాదికి బెల్లం అచ్చు రాయిలా బిగుసుకుపోయింది. ఆమె నిన్ను తీసి, మొన ఆనించి, వెనక రోకలిబండతో ఒక్కటి వేసింది. అచ్చు నాలుగు ముక్కలైంది.

అప్పట్నుంచీ నువ్వు పప్పు డబ్బా వెనకే ఉంటున్నావు. నిన్ను విసరాలంటే ఇప్పుడు నేను ఆమెను అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
నీ ఒకప్పటి యజమాని