బాండ్ కొనే ముందు వడ్డీ కాదు, వరస చూడండి

2020 మార్చిలో యెస్ బ్యాంక్ మునిగిపోయే స్థితికి వచ్చినప్పుడు, ఆ బ్యాంకు జారీ చేసిన 8,415 కోట్ల రూపాయల ఏటీ1 (అడిషనల్ టయర్ 1) అనే ప్రత్యేక రకం బాండ్లను ఒక్క నిర్ణయంతో రద్దు చేశారు. వాటిని కొన్నవాళ్లకు వడ్డీ ఆగిపోయింది, అసలూ పోయింది. అదే బ్యాంకు షేర్లు ఉన్నవాళ్లకు మాత్రం షేర్లు మిగిలాయి. ధర దారుణంగా పడిపోయింది, వందకు మించి షేర్లున్న వాళ్లు అందులో ముప్పావు వంతు మూడేళ్లదాకా అమ్ముకోకూడదని ఆంక్ష పెట్టారు. అయినా ఎంతో కొంత చేతిలో ఉంది. బాండ్ భద్రం, షేర్ జూదం అని నమ్మే మన మధ్యతరగతి ఈ సంగతిని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

రెండింటికీ అసలు తేడా ఏమిటి? ఊళ్లో రైస్ మిల్లు పెడుతున్న మనిషికి మీరు లక్ష రూపాయలు ఇచ్చారనుకుందాం. నోటు రాయించుకుని వడ్డీకి ఇస్తే అది బాండ్. వాటా కింద ఇస్తే షేర్. మిల్లు బ్రహ్మాండంగా ఆడి లాభం మూడింతలైనా నోటున్న మనిషికి వచ్చేది ఆ వడ్డీ మాత్రమే. వాటాదారుకు లాభంలో భాగం వస్తుంది, వాటా విలువా పెరుగుతుంది. మిల్లు మూతపడితే యంత్రాలూ స్థలమూ అమ్మగా వచ్చిన డబ్బు ముందు అప్పులవాళ్లకు పోతుంది. ఏమైనా మిగిలితేనే వాటాదార్లకు. అప్పులవాళ్లలోనూ తనఖా పెట్టించుకున్న వాళ్లు ముందుంటారు, ఉత్త నోటు మీద ఇచ్చినవాళ్లు వెనకుంటారు.

ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ కంపెనీ దివాలాలో ఈ వరసే నడిచింది. అప్పులవాళ్లు అడిగింది 87 వేల కోట్లకు పైగా ఉంటే, 2021లో ఆ కంపెనీని తీసుకున్న పిరమల్ గ్రూపు ఇచ్చింది దాదాపు 34,250 కోట్లు. అప్పిచ్చిన వాళ్లు భారీగా నష్టపోయారు. షేర్లున్న వాళ్లకైతే ఏమీ రాలేదు.

మరి యెస్ బ్యాంక్‌లో ఎందుకు తలకిందులైంది? ఏటీ1 బాండ్ మామూలు అప్పు కాదు. బ్యాంకు కష్టాల్లో పడితే ఆ నష్టాన్ని భరించడానికే దాన్ని తయారుచేశారు. తీర్చే గడువు ఉండదు, అవసరమైతే వడ్డీ ఆపేయవచ్చు, చివరికి అసలునే కొట్టేయవచ్చు. షరతుల్లో ఇవన్నీ ఉన్నాయి. షేర్లను ముట్టుకోకుండా బాండ్లను మాత్రమే రద్దు చేయడం చెల్లుతుందా అన్నది కోర్టుకెక్కింది. 2023 జనవరిలో బాంబే హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది, ఆపైన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వాటిని అమ్మిన తీరు. షేర్లు, బాండ్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021 ఏప్రిల్ ఆదేశం ప్రకారం 1,346 మంది వ్యక్తులు వీటిలో సుమారు 679 కోట్లు పెట్టారు. వాళ్లలో దాదాపు అందరూ ఆ బ్యాంకు ఖాతాదార్లే. 277 మంది తమ ఫిక్స్‌డ్ డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేసుకుని మరీ ఇందులోకి వచ్చారు. ‘సూపర్ ఎఫ్‌డీ’ అని చెప్పి అమ్మారు. వడ్డీ తొమ్మిది, తొమ్మిదిన్నర శాతం. డిపాజిట్ మీద వచ్చేదానికన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ కోసం, వరసలో ముందున్న మనుషులు అన్నిటికన్నా వెనక్కి వెళ్లి నిలబడ్డారు. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వడ్డీ రేటే ఒక హెచ్చరిక అని మన దగ్గరి ఉదాహరణే చెబుతుంది. 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 200 కోట్ల బాండ్లు 8.9 శాతానికి జారీ చేసింది. అదే ఏడాది ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2,000 కోట్లు 10.32 శాతానికి తెచ్చింది, దానికి రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ కూడా ఉంది. మధ్యలో రెపో రేటు, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, అర శాతం పెరిగిన మాట నిజమే. అది పోనూ మిగిలిన తేడా, పన్ను ఆదాయం ఉన్న నగరానికీ ఇంకా కట్టాల్సిన నగరానికీ మధ్య మదుపర్లు చూసిన తేడా. ఎవరైనా ఇవాళ 12, 13 శాతం ఇస్తామంటున్నారంటే, అంతకు తక్కువకు వాళ్లకు అప్పు పుట్టడం లేదన్నమాట.

ఎగ్గొట్టే భయం లేని ప్రభుత్వ బాండ్‌కీ ధర పడిపోవడం ఉంది. ఏడు శాతం వడ్డీతో పదేళ్ల బాండ్ వంద రూపాయలకు కొన్నారు. కొన్నాళ్లకే మార్కెట్ వడ్డీ ఎనిమిదికి చేరితే, కొత్త బాండ్లకు ఎక్కువ వస్తుంది కాబట్టి మీ బాండ్ సుమారు 93 రూపాయలకే అమ్ముడుపోతుంది. ముప్పై ఏళ్ల బాండ్ అయితే 89 కంటే తక్కువే. గడువు దాకా ఉంచుకుంటే అసలు పూర్తిగా వస్తుంది. మధ్యలో డబ్బు అవసరమైన వాళ్లకే దెబ్బ.

ఇదంతా చదివి షేర్లే మేలనుకుంటే మళ్లీ పొరపాటే. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడి సత్యం కంప్యూటర్స్ షేర్ ఒక్క రోజులో 179 రూపాయల నుంచి 40 రూపాయల లోపుకు పడింది. ఆ ఉద్యోగుల్లో ఎంతోమందికి జీతమూ స్టాక్ ఆప్షన్లూ ఒకే కంపెనీలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా, కంపెనీ ఇచ్చిన షేర్లను అమ్మకుండా పోగేసుకుంటున్న మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇది ఆలోచించాలి. ఒక్క కంపెనీ కాదు, మార్కెట్ మొత్తం కొన్నా ఓపిక కావాలి. 2008 జనవరిలో 21 వేలున్న సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో ఎనిమిది వేల కిందికి దిగింది. 2010 చివర్లో కొద్దిరోజులు పాత స్థాయిని తాకినా, దాన్ని గట్టిగా దాటడానికి 2013 చివరిదాకా పట్టింది. మూడేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన డబ్బును అందుకే షేర్లలో పెట్టకూడదు.

అలాగని ఇరవై ఏళ్ల తర్వాత వాడుకునే డబ్బంతా వడ్డీకే ఇస్తే, ధరల పెరుగుదల తినేస్తుంది. ఏడు శాతం వడ్డీ మీద 30 శాతం శ్లాబులో పన్ను, సెస్సు పోగా మిగిలేది 4.8 శాతం. స్కూలు ఫీజులూ ఆసుపత్రి బిల్లులూ అంతకన్నా వేగంగా పెరుగుతున్నాయి.

ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనుక్కోవడానికి ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ అనే ఆన్‌లైన్ వేదిక 2021 నవంబరు నుంచి ఉంది, పది వేల రూపాయలతో మొదలుపెట్టవచ్చు. కంపెనీ బాండ్లు ఇప్పుడు ఫోన్ యాప్‌లలోనే అమ్ముతున్నారు, వాటి షరతులు మాత్రం ఇంగ్లిష్‌లో పదుల పేజీలుంటాయి. వ్యక్తులకు బాండ్ అమ్మే ప్రతి సంస్థా ఒక్క పేజీ తెలుగులో ఇచ్చి సంతకం తీసుకోవాలని సెబీ నిబంధన పెట్టాలి. అప్పు తీసుకుంటున్నది ఎవరు, తనఖా ఏముంది, సంస్థ మునిగితే మీకన్నా ముందు ఎవరికి చెల్లిస్తారు, మధ్యలో డబ్బు కావాలంటే కొనేవాళ్లు ఉంటారా అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబులుండాలి.