టర్బో మోడ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టర్బో మోడ్ గారి దివ్య సముఖమునకు,

టార్చిలో అన్నిటికంటే ఎక్కువ వెలుగిచ్చే మోడ్ తమరు. క్షేమమని తలుస్తాను. బటన్ నొక్కి ఇంకా నిమిషం కాలేదు కాబట్టి క్షేమంగానే ఉండి ఉంటారు.

సొంతంగా ఎల్ఈడీ టార్చి కట్టుకుందామని కూర్చున్నవాడి చెవిలో ముందు ఊదేది తమరే. వాడు తబ్బిబ్బై "3000 ల్యూమెన్లు" అనేస్తాడు (ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత). లోపల పట్టేది ఒకే ఒక్క 18650 సెల్, అంటే రీఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ. ఎంత మంచిదైనా అందులో ఉండేది సుమారు 12 వాట్ అవర్లు. 3000 ల్యూమెన్లకు తమరు అడిగేది అటూ ఇటుగా 30 వాట్లు. అంటే కాగితం మీద 24 నిమిషాలు. కాగితం వేడెక్కదు కాబట్టి సరిపోయింది! చేతిలోని అల్యూమినియం గొట్టం మాత్రం కాసేపటికే పట్టుకోలేనంత కాలుతుంది. ఎల్ఈడీకి కరెంటును అదుపు చేసే సర్క్యూట్, అదే డ్రైవర్, కంగారుపడి కరెంటు కోసేస్తుంది. తమరు ఏమీ ఎరగనట్టు మెల్లగా కిందికి జారుకుంటారు. ఇంతటి ఆరంభ శూరత్వం మరెక్కడా చూడలేదు.

అయినా డబ్బా మీద రాతలో లోటేమీ ఉండదు. పైన 3000 ల్యూమెన్లు, కింద 5 గంటలు. రెండూ నిజాలే, కాకపోతే ఒకదాని మొహం ఒకటి చూడదు. టార్చిలను కొలిచే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, వెలిగించిన 30 సెకన్లకు ఉన్న వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా రన్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. తమరు నిమిషం మెరిసి తప్పుకుంటే, ఆ తర్వాత గంటలకొద్దీ చాకిరీ చేసేది మీడియం మోడ్. పేరు మాత్రం తమది.

పోనీ, ఆ మెరుపైనా కంటికి పూర్తిగా అందుతుందా అంటే అదీ లేదు. రెట్టింపు వెలుగని అనిపించాలంటే సుమారు నాలుగు రెట్ల ల్యూమెన్లు కావాలి. బ్యాటరీకి మాత్రం ప్రతి ల్యూమెనూ లెక్కే. పైగా కరెంటు పెంచేకొద్దీ ఎల్ఈడీ సామర్థ్యం తగ్గుతుంది.

దూరం సంగతి అసలు తమ శాఖే కాదు. అది క్యాండెలా గారిది, అంటే ఒకే దిక్కున వెలుగు ఎంత గాఢంగా పోతుందో చెప్పే కొలతది. చిన్న ఎల్ఈడీ చిప్, దానికి లోతైన నున్నటి రిఫ్లెక్టర్ పెడితే తక్కువ ల్యూమెన్లతోనే వెలుగు దూరంగా దూసుకుపోతుంది. అదే టార్చిని దగ్గరి గోడ మీద వేస్తే నడిమధ్య కళ్లు చెదిరే చుక్క, చుట్టూ వలయాలు, పక్కన చీకటి. తాళంచెవి వెతకడానికి అది పనికిరాదు. నారింజ తొక్కలా గరుకైన ఆరెంజ్ పీల్ రిఫ్లెక్టర్ వేస్తే ఆ చుక్క మెత్తబడుతుంది, కొంత దూరం తగ్గుతుంది. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. 10,000 క్యాండెలాకు 200 మీటర్లు. 400 కావాలంటే 40,000. అంత చేసినా అక్కడ పడేది 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత.

కాబట్టి తమకు బదిలీ ఉత్తర్వులు పంపుతున్నాం. మొదటి క్లిక్ ఇకపై 300 ల్యూమెన్లది. దానికి సుమారు రెండు వాట్లు చాలు, సెల్ ఐదారు గంటలు నిలుస్తుంది. తమరు డబుల్ క్లిక్ వెనకాల విశ్రాంతి తీసుకోండి. "ఎంత దూరం పడుతుంది?" అని స్నేహితులు అడిగినప్పుడు కబురు చేస్తాం. అప్పుడు కూడా అర నిమిషమే.

ఇట్లు,
తమ వేడికి టార్చిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్న
ఒక వాడకందారు