మగ్గం సరే, నూలేది?

ఇచ్ఛాపురం దాటితే బరంపురం. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామందికి ఉద్దానంలో చుట్టాలున్నారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం కదా, వాళ్లలో డయాలసిస్‌కు తిరిగేవాళ్లూ ఉంటారు. అందుకే 'కిడ్నీ ప్రింటు కొట్టేస్తున్నారట' అనే వాట్సాప్ వీడియో రాగానే ఫోన్లు మోగుతాయి. బతికున్న కణాలతో అవయవాలను పొరలు పొరలుగా పేర్చే త్రీడీ బయోప్రింటింగ్ సంగతి ఇది. 2011లో అమెరికాలో ఆంథొనీ అటాలా అనే సర్జన్ వేదిక మీద చూపించింది కిడ్నీ ఆకారం మాత్రమే. పనిచేసే కిడ్నీని ఇంతవరకు ఎవరూ ప్రింటు చేసి మనిషికి పెట్టలేదు. దాన్ని నమ్ముకుని ఒక్క డయాలసిస్ కూడా మానొద్దు.

వార్తలన్నీ ప్రింటరు గురించే. అందులో పోసే సిరా సంగతి ఎవరికీ పట్టదు. పట్టు నేసే ఊరికి మేం చెప్పాలా, పోగు తెగుతుంటే ఎంత మంచి మగ్గమైనా చీర దిగదని!

ఈ సిరా బతికున్న కణాలు కలిపిన జెల్. సన్నటి సూదిలోంచి జారాలి, బయటికొచ్చాక నిలబడాలి, లోపలి కణాలు చావకూడదు. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌లో కణాలు హాయిగా ఉంటాయి గానీ సరుకు ఒక్కో విడత ఒక్కోలా వస్తుంది. ల్యాబులో చేసే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే సింథటిక్ పాలిమర్‌తో ఆ టెన్షన్ లేదు. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చేసుకోవచ్చు. కానీ కణాలు దాన్ని పట్టుకోలేవు, నున్నటి గోడ మీద బల్లి జారినట్టు జారతాయి. అందుకని ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్కను అతికిస్తారు. కణాలు ఎదిగేకొద్దీ వాటి ఎంజైములకు తెగిపోయే లంకెలూ పెడతారు. ఇంతా చేశాక రక్తనాళాల బెడద: నాళానికి మిల్లీమీటరులో అయిదో వంతు దూరం దాటితే కణానికి ఆక్సిజన్ అందడం కష్టం.

2022లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ప్రింటు చేసి కుందేలు కంట్లో అమర్చాయి. గొప్ప పనే. అయితే అందులో సింథటిక్ పదార్థం లేదు, సిరా మనిషి కంటి కణజాలంతో చేసిందే. అంటే మళ్లీ దాతల కళ్లే కావాలి.

అందుకే ప్రభుత్వాలు రిబ్బన్ కత్తిరించడానికి యంత్రాలు కొనే ముందు సింథటిక్ సిరా తయారుచేసే పాలిమర్ కెమిస్ట్రీకి డబ్బివ్వాలని మేం కోరుతున్నాం. బరంపురంలో 2016 నుంచి కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, యూనివర్సిటీ ఉంది, ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. అటు పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఒకే రైలు దారి మీదున్న ఊళ్లివి. భువనేశ్వర్, అమరావతి కలిసి వీటికి ఒక ఉమ్మడి ప్రాజెక్టు ఇవ్వాలి.